మంగాయమ్మ దండం

శభాష్ అన్న మాట వింటే మంగాయమ్మకు ఒళ్లు మండేది. తప్పు మాటది కాదు, అనేవాడిది. బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టున్న అంకమ్మరావు నాటకాల కాంట్రాక్టులు కూడా పట్టేవాడు. రంగానికీ రంగానికీ మధ్య జనం లేచిపోకుండా తెర ముందు ఒక ఆడపిల్ల చేత డాన్సు చేయించేవాడు. ఆ ఆడపిల్లే మంగాయమ్మ. బందరు రేవు నుంచి ఎండుచేపల తట్టతో వచ్చి బెజవాడ మార్కెట్లో కుదురుకున్న పోలేరమ్మ కూతురు.

డాన్సు మంచి ఊపులో ఉండగా ముందు వరసలో కూర్చున్న అంకమ్మరావు "శభాష్!" అనేవాడు. అంతే, మృదంగం ఆగిపోవాలి. మంగాయమ్మ కూడా ఆగి, చేతులు జోడించి, నడుం వంచి ఆయనకు దండం పెట్టాలి. ఆయన తల పంకిస్తే మళ్లీ మొదలు. ఉయ్యూరులో ఆడినా, గుడివాడలో ఆడినా ఇదే తంతు.

"ఆడేది నువ్వే, కాదనను. ఆడించేది ఎవరో జనానికి తెలియొద్దటే?" అనేవాడు.

ఒకసారి వినపడనట్టు ఆడుతూ పోయింది. మర్నాడు ఆయన పోలేరమ్మను కొట్టుకు పిలిపించి, గుమ్మం అవతలే నిలబెట్టి, బేరానికొచ్చిన వాళ్లందరి ముందూ దులిపేశాడు. "చేపల కంపు వదిలించి మనిషిని చేశా. నీ కూతురికి అప్పుడే కళ్లు నెత్తికెక్కినయ్యి!" పోలేరమ్మ కూతురి బదులు తానే దండం పెట్టింది. తల్లి పక్కన నిలబడి అది చూసిన మంగాయమ్మకు ఆ మనిషంటే అసహ్యం పుట్టింది. వీడికి దండం పెట్టని బతుకు కావాలి, అంతకుమించి దేవుణ్ని ఏమీ అడగను అనుకుంది.

యుద్ధం రోజుల్లో మద్రాసు సినిమావాళ్లు డాన్సు తెలిసిన పిల్లల కోసం వచ్చి ఆమెను ఎంచుకున్నారు.

"సినిమాలో నీ మొహం ఎవడు చూస్తాడే?" అని ఎద్దేవా చేశాడు అంకమ్మరావు.

"మీరు చూడకపోతే అదే పదివేలండీ," అని రైలెక్కేసింది.

స్టూడియోలో రాజసభ సెట్టు వేశారు. ముందే రికార్డు చేసిన పాట మోగుతోంది, మంగాయమ్మ చెలరేగి ఆడుతోంది. కెమెరా పక్కన డబ్బు పెట్టిన ఆసామి కూర్చున్నాడు. ఆట చూసి ముచ్చటపడి "శభాష్!" అన్నాడు పాపం. ఆమె కాళ్లు ఠక్కున ఆగిపోయాయి. రాజుగారికి వీపు తిప్పి, కెమెరా వైపు నడుం వంచి దండం పెట్టి, మళ్లీ ఆట అందుకుంది. ఏం చేసిందో డైరెక్టరు తిట్లు మొదలయ్యాక గానీ ఆమెకు తెలియలేదు. ముడిఫిల్ము సర్కారు కొలిచి ఇస్తున్న కాలం, మళ్లీ తీయడానికి ముక్క లేదు. ఆ దండం అలాగే ఉండిపోయింది.

బొమ్మ బెజవాడకొచ్చింది. తల్లికి చూపిద్దామని మంగాయమ్మ కూడా వచ్చి, మ్యాట్నీకి తీసుకెళ్లింది. ముందు వరసలో అంకమ్మరావు! బొమ్మ వచ్చిన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్నాడట, ఎక్కడేం వస్తుందో కంఠతా వచ్చేసింది. పాట మొదలైంది. సరిగ్గా అదను చూసి ఆయన "శభాష్!" అని అరిచాడు. తెర మీద మంగాయమ్మ ఆగి, ఆయన వైపు తిరిగి, నడుం వంచి దండం పెట్టింది. హాలంతా గొల్లుమంది.

"మద్రాసు పోయినా మనల్ని మరవలేదర్రా!" అన్నాడు మీసం దువ్వుతూ.

మంగాయమ్మ ఆడవాళ్ల బెంచీ ఎక్కి నిలబడింది. "అది నీకు కాదురా!"

ఆయన తాపీగా వెనక్కి తిరిగాడు. "మరెవరికే? చెప్పు, అందరం వింటాం."

మంగాయమ్మ ఈలల మధ్య తల్లి రెక్క పట్టుకుని బయటపడింది. "ఈ బొమ్మ ఆడినన్నాళ్లూ ఆటాటకీ వాడికి దండం పెడుతూనే ఉంటానే అమ్మా!" అని నడిరోడ్డు మీద భోరున ఏడ్చింది.

ఆ తర్వాత మద్రాసులో చెలికత్తె వేషాలు, దాసీ వేషాలు చాలానే వేసింది గానీ ఎవరికీ చేతులు జోడించలేదు. ఎంత పెద్ద నిర్మాత వచ్చినా తల ఊపడమే. పొగరుబోతని పేరు పడింది, వేషాలు తగ్గాయి. స్వరాజ్యం వచ్చిన మరుసటేడు హీరోయిన్ అక్క వేషం దొరికింది, మాటలున్న మంచి వేషం. గుడి సీనులో అమ్మవారికి దండం పెట్టమన్నారు. "చూస్తూ నిలబడతానండీ, పెట్టలేను," అంది. డైరెక్టరు మండిపడ్డాడు. మేనేజరు కాశీరావు చాటుకు పిలిచి, "ఆయనకో దండం పెట్టి తప్పయిందని చెప్పవమ్మా, వేషం నిలబడుద్ది," అన్నాడు. ఆమె గిల్టు నగలు ఊడదీసి అతని చేతిలో పోసింది.

బెజవాడ వచ్చి తల్లి పక్కనే చేపల తట్ట ముందు కూర్చుంది. మూడో రోజుకల్లా అంకమ్మరావు మార్కెట్లోకి దిగాడు, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని.

"సినిమా సరదా తీరిందా? ఒక్క దండం పెట్టవే, రేపట్నుంచి మళ్లీ స్టేజీ ఎక్కిస్తా."

మంగాయమ్మ తట్టలో చేపలు సర్దుకుంటూ పోయింది. పక్కన పోలేరమ్మ ఆదరాబాదరాగా లేచి, పొలుసంటిన చేతులు పైకెత్తబోయింది. మంగాయమ్మ ఆ రెండు చేతులూ ఒడిసి పట్టుకుని కిందికి దించింది, విడిపించుకోబోయినా వదల్లేదు.

"కొనేదేమన్నా ఉందా అండీ? లేకపోతే అడ్డం లేవండి," అంది.