ఉడత సినిమా చూసిన నాలుగు ఆదివారాలు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, మా బడి స్నేహితుల వాట్సాప్ గ్రూపులోకి ఒక పాత బొమ్మల సినిమా వచ్చి పడింది. పావగడ వైపు నిడుగల్లు కొండ దాపున ఉన్న మా ఊళ్ళో ఏడో తరగతి దాకా కలిసి చదువుకున్నవాళ్ళం ముప్పైమందిమి ఉన్నాం అందులో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం కనుక తెలుగు మాటల్నే కన్నడ అక్షరాల్లో రాసుకుంటూ ఉంటాం. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది పెనుకొండలో ఉండిన మా మేనత్త, వేసవి సెలవుల్లో వారపత్రిక చేతికిచ్చి చదివిస్తూ. ఆమె లేకపోతే ఈ నాలుగు ముక్కలు ఇలా రాయగలిగేదాన్ని కాదు. సరే, సినిమా పెట్టినవాడు మిద్దింటి మనవడు. ఊరికంతటికీ మొదటి టీవీ వచ్చింది వాళ్ళ మిద్దింటికే. కింద వాడు రాసిన మాటలు ఇవి: "గుర్తుండాదా? ఆదివారం పొద్దున మా ఇంట్లో అందరమూ కలిసి కూసోని, శెనక్కాయలు తింటా చూస్తాంటిమి. మా అవ్వది ఎంత పెద్ద మనసు!"

దాని కింద పదిమంది దండాలు పెట్టారు, ఇద్దరు కన్నీళ్ళ బొమ్మలు పెట్టారు, ఒకరు ఆ రోజులే వేరు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేసి, ఫోను చేతిలోకి తీసుకున్నాను.

నా ఈడు వాళ్ళకు ఆ ఆదివారాల సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. మిద్దె మీద ఒకడు యాంటెనా తిప్పుతూ ఉంటే కిందనుంచి ఇంకొకడు వచ్చింది, పోయింది అని అరవడం, సరిగ్గా సమయానికి కరెంటు పోవడం, పోయిన కరెంటును అందరూ కలిసి తిట్టడం, ఇవన్నీ మీరూ పడ్డవే. ఆ ఏడు వేసవిలో ఒక ఉడత కథను నాలుగు ముక్కలు చేసి నాలుగు ఆదివారాలు వేశారు. హిందీలో. మాలో ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఏమీ తక్కువ కాలేదు. ఒక చలి దేశం, ఒక ఆకలిగొన్న ఉడత, పెద్ద బొజ్జ ఉన్న షావుకారు ఒకడు, వాడి కొట్టం నిండా కాయల మూటలు. ఉడత మూటకు చిల్లి పెట్టి కాయలు కాజేస్తుంది, షావుకారు వెంటపడి బోర్లా పడతాడు. అంతే కథ. అది నలుపు తెలుపు టీవీ. ఉడత మెడలో కట్టుకున్న గుడ్డ ఎర్రదని నాకు మొన్న ఫోనులో చూసినప్పుడే తెలిసింది.

మనవడు రాయనిది నేను రాస్తాను. మేం ఊరికే కూర్చుని చూడలేదు. రోహిణి కార్తె నడుస్తూ ఉండేది, మృగశిర వచ్చేలోపల విత్తనం సిద్ధం కావాలి. విత్తనానికి పెట్టుకున్న శెనక్కాయలను మిషన్‌లో వేస్తే గింజ పగిలి మొలక దెబ్బ తింటుందని చేత్తోనే ఒలిపించేవారు. మామూలుగా అయితే దానికి కూలి ఇవ్వాలి. మిద్దింటి అవ్వకు టీవీ వచ్చాక ఒక తెలివి పుట్టింది. ఊళ్ళో పిల్లలందరూ ఆదివారం టీవీకి ఎలాగూ వస్తారు కదా, కళ్ళు టీవీకి ఇచ్చినా చేతులు ఖాళీయే కదా అని, పంచలో పట్టలు పరిచి, నీళ్ళు చల్లి మెత్తబరిచిన కాయలు మనిషికొక చేటెడు పోసేది. చేటలో కాయలు తరిగితేనే ముందు వరసలో చోటు. మనవడు మంచం మీద, మేం నేల మీద. బొటనవేలి గోరు కింద మంట పుట్టి, సోమవారం ముద్ద కలుపుకోవడానికి కూడా నాకు చేత అయ్యేది కాదు. అయినా పోయేదాన్ని, ఉడత కోసం.

ఇక నల్లబండ సంగతి. పంచ చివర చేతులు కడుక్కునే చోట ఒక నల్లటి బండ పరిచి ఉండేది. టీవీ కట్టేశాక పిల్లలందరం అక్కడ వరసగా నిలబడాలి. అవ్వ చెంబుతో ఒక్కొక్కరి నోట్లోకి నీళ్ళు పోసేది, పుక్కిలించి బండ మీద ఉమ్మాలి. పచ్చి శెనక్కాయలు తిన్న నోట్లో నీళ్ళు పాలలాగా తెల్లబడతాయి, నల్లబండ మీద అది బాగా తెలుస్తుంది. నీళ్ళు తేటగా ఉంటే ఇంటికి పోవచ్చు, తెల్లగా ఉంటే దొంగ. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న సామెత నేను పుస్తకంలో చదవలేదు, ఆ బండ దగ్గరే నేర్చుకున్నాను. మాలో కొందరు గడుసువాళ్ళు చింతచిగురు నమిలి వరసలోకి వచ్చేవాళ్ళు, ఉమ్ము పచ్చగా పడి తెలుపు తెలియదని. ఇదంతా మాకు ఒక ఆటలాగే ఉండేదని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ ఏడు మా ఇంట్లో విత్తనం లేదు. రెండేళ్ళు వరసగా వానలు ఎగ్గొట్టాయి, విత్తనానికని అటక మీద పెట్టుకున్న కాయలను చలికాలంలోనే వేయించుకుని, ఊరబిండి పచ్చడిగా నూరుకుని తినేశాం. విత్తనం తిన్న ఇల్లు అంటే మా వైపు ఎంత నామోషీయో రైతు ఇళ్ళలో పుట్టినవాళ్ళకు తెలుస్తుంది. కాబట్టి మా నాయన విత్తనానికి మిద్దింటి వాళ్ళనే అడిగి ఉన్నాడు, వాళ్ళు చూద్దాంలే అని ఉన్నారు. అమ్మ వాళ్ళింట్లోనే పాచిపని చేసేది. నాకు పదేళ్ళు, చెల్లెలికి ఆరు. పొద్దున బయలుదేరేటప్పుడు అమ్మ మా ఇద్దరికీ చెప్పి పంపేది, ఒక్క గింజ కూడా నోట్లోకి పోకూడదని.

మూడో ఆదివారం ఉడత షావుకారు కొట్టంలోకి దూరింది. ఒక కాయ తిని ఇటు చూస్తుంది, ఒక కాయ తిని అటు చూస్తుంది, రెండు బుగ్గలూ ఉబ్బించుకుని మూట వెనకాల దాక్కుంటుంది. మిద్దింటి అవ్వ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. యాడ నేర్చిందిరా ఈ దొంగముండ అని ముద్దు చేసింది. సరిగ్గా ఆ నవ్వులోనే నా పక్కన కూర్చున్న నా చెల్లెలు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, ఉడత ఒకటి తిన్నప్పుడల్లా తనూ ఒకటి నోట్లో వేసుకుంది. నేను చూడలేదు. చూసి ఉంటే చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని.

బండ మీద చెల్లెలు ఉమ్మిన నీళ్ళు తెల్లగా పడ్డాయి. ఉడతను చూసి కళ్ళు తుడుచుకున్న కొంగు ఇంకా భుజం మీదే ఉంది, అదే అవ్వ అదే చేత్తో నా చెల్లెలి చెవి పట్టుకుని మెలిపెట్టింది. "విత్తనం తినే జాతి మీది. ఇంట్లోది తినింది చాల్లేదా, ఈడ కూడా తింటారా?" అంది, వీధికంతా వినబడేటట్టు. గిన్నెలు తోముతున్న మా అమ్మ బూడిద చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఒక్క మాట అడ్డం చెబుతుందేమో అనుకున్నాను. చెల్లెలి వీపు మీద గట్టిగా రెండు వేసింది. విత్తనం ఇంకా వాళ్ళ ఇంట్లోనే ఉంది మరి. చెల్లెలు ఏడుస్తూ అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఉడత తింటాంటే నాకూ లోపలికి పోయినాయి మా."

వచ్చే వారం ఆ పిల్ల రావాలంటే మూతికి గుడ్డ కట్టుకుని రావాలి అని అవ్వ తీర్పు చెప్పింది. అమ్మ ఇంటికొచ్చి చెల్లెలి వీపుకు నూనె రాసి, పొయ్యి ముందర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. కరువులో అధికమాసం అంటారే, అలా ఉండింది ఆ వారమంతా. ఇంత చేసి, మృగశిరలో విత్తనం ఇచ్చారా అంటే, చివరికి ఇచ్చారు. మొలక సగమే వచ్చింది.

పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. నేను తిడతాను. ఆరేళ్ళ పిల్ల నోట్లో చెంబుతో నీళ్ళు పోసి గింజ వెతికిన మనిషిని, చచ్చిపోయిందని ఇప్పుడు నేనెందుకు పెద్ద మనసంటాను?

అయితే నా కోపమంతా ఆమె మీదే అంటే అబద్ధం. నాలుగో ఆదివారం నేనేం చేశానో చెప్పాలి. చెల్లెలు మూతికి గుడ్డ కట్టుకోను అంది, మిద్దింటి గోడ బయటే నిలబడింది. నేను లోపలికి పోయాను. దాని చెయ్యి విడిపించుకుని మరీ పోయాను. ఉడత ఏమవుతుందో చూడకుండా బతకలేననిపించింది నాకు. టీవీ శబ్దం వినబడుతుంది కదా, అది చాల్లే దానికి అని కూడా అనుకున్నాను. ఆ వేళ ఉడత అడవిలోని ప్రాణులన్నిటినీ పిలుచుకొచ్చి కొట్టమంతా ఖాళీ చేసింది. కడాన షావుకారు ఖాళీ గోతాల మధ్య కూలబడితే ఉడతే జాలిపడి వాడి నోట్లో ఒక కాయ వేసింది, అందరూ కలిసి విందు చేసుకున్నారు. పిల్లలం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, నా చేతుల్లో పొట్టు ఉండగానే.

బయటికొస్తే చెల్లెలు ఎండకు మొహం ఎర్రబడి అక్కడే ఉంది. "కడాకు ఉడత ఏమైందక్కా?" అని అడిగింది. "దొరికిపోయింది. మూతి కట్టేసి బోనులో పెట్టినారు" అన్నాను. ఎందుకన్నానో ఆలోచిస్తే రెండు కారణాలు కనబడతాయి. దొంగిలించిన ఉడతకు విందు జరిగిందని, వీపు వాచిన పిల్లతో చెప్పడానికి నోరు రాలేదు, అది ఒకటి. దాన్ని బయట వదిలేసి నేను చూసి వచ్చింది అంత బాగున్నదేమీ కాదు అని దానికీ నాకూ అనిపించాలని, అది రెండోది. చెల్లెలు ఏడవలేదు. తింటే అంతే కదా అన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకు కలిగే కోపం ముందు, మిద్దింటి అవ్వ మీది కోపం ఒక మూలకు రాదు.

ఇవన్నీ గుర్తొచ్చి, ఆ ఆదివారం గ్రూపులో మూడుసార్లు రాసి చెరిపి, నాలుగోసారి రాసింది చెరపకుండా పంపాను: "తినింది మీరు, ఒలిచింది మేము. నల్లబండ గుర్తుండాదా?" సాయంత్రానికి మనవడు రాశాడు, "అవునా? నాకు తెల్దే" అని. తెలియదన్నది నిజమే అయి ఉంటుంది, మంచం మీద కూర్చున్నవాడికి ఆ బండ దగ్గరికి వచ్చే పని ఎప్పుడు పడింది? పాత రోజులు బంగారం అని అందరూ వాపోతుంటారే, ఆ బంగారాన్ని ఎవరి గోళ్ళతో ఒలిచారో ఒక్కరైనా అడగరే, అదీ నా బాధ.

మరుసటి ఆదివారం బలసముద్రం బస్సెక్కాను. చెల్లెలిని ఇచ్చింది అక్కడికే. వాళ్ళ రెండెకరాలూ ఇప్పుడు సోలారు కరెంటు వాళ్ళకు గుత్తకు పోయాయి, తమ చేను మీద నిలబెట్టిన అద్దాలనే వారంలో ఆరు రోజులు కూలికి కడుగుతుంది. పావగడ బస్టాండులో వేయించిన శెనక్కాయల పొట్లం ఒకటి కొనుక్కుని పోయాను. శెనక్కాయ పండే సీమలో పుట్టి, చెల్లెలి ఇంటికి పొట్లం కొనుక్కుపోయే కాలం వచ్చింది. ఇద్దరం గడపలో కూర్చుని ఫోనులో సినిమా మొదటినుంచీ చూశాం. ఉడత మొదటి కాయ తినేసరికి చెల్లెలి చెయ్యి పొట్లంలోకి పోయింది. పొట్లం దాని వైపు జరిపాను.

కడాన ఉడత విందు చూసి అది ఫోను మీంచి తల ఎత్తింది. "దొరికిపోయింది అంటివే నువ్వు?" అంది. అబద్ధం చెప్పినానమ్మే అని మొత్తం చెప్పాను, చప్పట్లు కొట్టిన సంగతితో సహా. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. "అయితే దాన్ని ఎవరూ కొట్లేదా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. ఇంకోసారి పెట్టు అంది. రెండోసారి ఉడత షావుకారును బోర్లా పడేసినప్పుడు నా భుజం మీద కొట్టి మరీ నవ్వింది.

సినిమా అయిపోయాక లేచి, చెప్పకుండా పెరట్లోకి పోయింది. కొళాయి చప్పుడు వినబడి నేనూ వెనకాలే పోయాను. నోటి నిండా నీళ్ళు పోసుకుని, పుక్కిలించి, ఉమ్మి, ఉమ్మిన చోటికేసి వంగి చూస్తూ ఉంది. మళ్ళీ పుక్కిలించింది. నీ ఇంట్లో, నీకోసం తెచ్చిన పొట్లంలోవి తిని, ఎవరికోసం కడుగుతావే అని అరిచాను. ఉలిక్కిపడి, కొంగుతో మూతి తుడుచుకుని, "ఊరికేనక్కా, అలవాటు" అంది.

మిద్దింటికి ఇప్పుడు తాళం. నల్లబండ మీద గడ్డి మొలిచిందని ఊరికి పోయి వచ్చినవాళ్ళు చెప్పారు. చేల మీద అద్దాలు, మిద్దెల మీద గొడుగు యాంటెనాలు, చేతిలో ఫోన్లు, చెప్పుకుంటే మారనిది లేదు. అయినా నా చెల్లెలు శెనక్కాయ తిన్నప్పుడల్లా, నీళ్ళు తేటగా పడేదాకా పుక్కిలిస్తూనే ఉంది.