పత్తిచేనులో మాటలు ఆగినప్పుడు

అబద్ధాలు చెప్పడం తప్ప నాకు ఇంకో పని రాదని మా ఊరంతా ఒప్పుకుంటుంది. ఒక చలికాలం ఆ పనికే నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

పక్క ఊళ్లో పత్తి ఏరుతున్న ఒకామెను పులి వెనకనుంచి వచ్చి చంపిన రోజులవి. ప్రాణహిత దాటి వచ్చిన పులి అన్నారు. అప్పటినుంచి మా అక్క చేనులో పత్తి ఏరే తీరే మారిపోయింది. ఆడవాళ్లు సగంమంది ఊరివైపు, సగంమంది అడవివైపు ముఖంపెట్టి వంగేవారు. మనిషి ముఖం కనబడితే పులి మీదికి రాదంటూ అడవి ఆఫీసువాళ్లు ప్లాస్టిక్ ముఖాలు పంచారు. వాటిని అందరూ తల వెనక కట్టుకునేవారు. అన్నీ ఒకే పోలిక, అన్నింటికీ మీసాలు. రెప్ప వెయ్యని ఆ ముఖాలను చూస్తే పులి సంగతేమో గాని నాకు మాత్రం వణుకు పుట్టేది.

చేనులో అలికిడి ఆగకూడదన్నది ఇంకో కట్టుబాటు. పత్తి ఏరేవాళ్లు పొద్దంతా అరవలేరు కదా. అందుకని అక్క నన్ను గట్టుమీద కూర్చోబెట్టింది.

“ఎట్లైన నోరు మూయవు. గీడ కూసోని వాగు,” అంది.

నేను చూసిన పులుల గురించి ఊళ్లో చాలా చెప్పి ఉన్నాను. నిజానికి ఒక్కదాన్నీ చూడలేదు. గట్టుమీద కూర్చున్నాక మాత్రం ఎండుగడ్డి కదిలిన చోటల్లా పులి కనబడేది. కుడిచెవి మీద ఒక ప్లాస్టిక్ ముఖం, ఎడమచెవి మీద ఒకటి కట్టుకున్నాను.

“దసరా రావణుని లెక్క ఉన్నవు బావా,” అని ఒక మరదలు నవ్వింది.

అట్లాంటి ఒక రోజు కరీంనగర్ నుంచి ఇద్దరు వచ్చారు. కెమెరా పట్టుకున్న ఒకావిడ, మైకు కర్ర పట్టుకున్న నెరిసిన గడ్డం మనిషి. పులుల మీద సినిమాలు ఎన్నో ఉన్నాయని, పులి తిరిగే చేలల్లో పత్తి ఏరేవాళ్లను ఎవరూ తీయలేదని, తాను అదే తీస్తానని ఆవిడ చెప్పింది.

“మమ్ములను తిన్నంక తీస్తవా బిడ్డా, తినకముందే తీస్తవా?” అని ఒక ముసలమ్మ అడిగింది. ఆవిడ కెమెరా భుజానికెత్తుకుంది.

కెమెరా తిరుగుతోంది. నేను ఒక ఆడపులి కథ ఎత్తుకున్నాను. పిల్లలకు అక్షరాభ్యాసం చేయిద్దామని అది వాటిని వెంటబెట్టుకొని బాసర బస్సెక్కింది. కండక్టర్ టికెట్ అడిగాడు.

“ఆడపులికి టికెట్ ఏంది? ఆడోళ్లకు ఫ్రీ గదా,” అంది మరదలు వంగినచోటనుంచే.

“ఆధార్ కార్డు చూపియ్యాలె గద. పులి దగ్గర కార్డు లేదాయె,” అన్నాను.

చేనంతా నవ్వింది. అప్పుడే మైకు మనిషి చెయ్యెత్తాడు. “అమ్మా, జర సేపు ఎవ్వరు మాట్లాడకుండ్రి. ఉత్త చేను సప్పుడు పట్టుకోవాలె,” అన్నాడు.

“చేనుకు సప్పుడేందయ్యా?” అని ముసలమ్మ గొణిగింది. అయినా పట్నం మనిషి మర్యాదగా అడిగాడని అందరూ ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను.

ఆ చలికాలమంతటిలో మా చేనులో మాట ఆగింది అప్పుడే. మొదట గాలి వినబడింది. తర్వాత ఎండిన పత్తికాయలు ఒకదానికొకటి రాసుకోవడం. తర్వాత నా గుండె. ఎవరూ కదల్లేదు. అటు తిరిగి నిలబడ్డవాళ్ల మీసాల ముఖాలు నన్నే చూస్తున్నాయి.

వాగు దిక్కున ఒక కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. మళ్లీ అరిచింది. చెట్టుమీది కొండముచ్చు కింద ఏం కనబడితే అట్లా అరుస్తుందో మా దిక్కు చంటిపిల్లలకూ తెలుసు.

మరదలు మెల్లగా లేచి సాళ్లన్నీ చూసింది. “అక్క ఏది?” అంది.

అక్క నీళ్లకోసం వాగుకు పోయిందట. కథ ధ్యాసలో నేను చూడనే లేదు.

“మాట్లాడు బావా,” అంది మరదలు.

నోరు తెరిచాను. పులి ఏ బస్సెక్కిందో, ఎక్కడికి పోతోందో ఒక్క ముక్క గుర్తురాలేదు.

“కండక్టర్ ఏమన్నడు? చెప్పు,” అని ముసలమ్మ నా రెక్క పట్టుకొని ఊపింది.

“దిగుమన్నడు,” అన్నాను. “దిగుమంటే దిగలే. సీటుల కూసున్నది.” అరుస్తున్నాననుకున్నాను గాని ఏడుస్తున్నానట, తర్వాత చెప్పారు. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ, ఒకరి కొంగు ఒకరు పట్టుకొని, గుంపుగా వాగు దిక్కు నడిచారు. కెమెరా దించేసి ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. మైకు మనిషి కర్రతో గట్టును బాదాడు. నేను బస్సును నిర్మల్ దాటించాను, భైంసా దాటించాను. ఏం చెప్పానో దేవుడికే తెలియాలి.

అక్క వాగులోనుంచి ఎక్కి వచ్చింది. చేతిలో నీళ్ల క్యాను లేదు, కాళ్లకు చెప్పులు లేవు. తిన్నగా నా దగ్గరికొచ్చి వీపుమీద ఒక్కటి చరిచింది.

“మాట ఎందుకు బంద్ చేసినవ్ రా? పులి మీ మీదనే పడ్డదనుకున్న. బండ సందుల కూసున్న. లేద్దామంటే కాళ్లు లేస్తలేవు.”

“కొండముచ్చు దేన్ని చూసి అరిసిందే?” అన్నాను.

“నన్ను చూసి అరిసిందో, నా ఎనక దాన్ని చూసి అరిసిందో. నేను ఎనక్కి చూడలే.”

మైకు మనిషి చేతులు జోడించబోతే అక్క వారించింది. ఇంటికి పోదాం పద అన్నాను. “విచ్చుకున్న పత్తి నీ బస్సుల పులి ఏర్తదా?” అని పత్తి ఏరే ఒడిగుడ్డ నడుముకు బిగించుకొని సాలులోకి దిగింది.

అక్క ఏనాడూ నా కథలకు ఊ కొట్టిన మనిషి కాదు. అబద్ధానికి ఊ కొడితే పాపమనేది. ఆ సాయంత్రం మాత్రం ప్రతి మాటకూ ఊ అంది. పత్తిచెట్లు రొమ్ములెత్తు ఉన్నాయి, ఏరడానికి వంగితే ఆమె నాకు కనబడదు. ఊ ఒక్కటే వినబడేది. ఒకచోట అది రావడం కాస్త ఆలస్యమైంది. కథ ఆపి లేచి నిలబడ్డాను.

“ఊ,” అంది అక్క, కోపంగా.