గాజు చెప్పింది, గోడ చెప్పనిది

సిరిసిల్ల పాత వాడలో మా మేనత్త ఇంటి కిటికీలు మోకాలి ఎత్తులో ఉండేవి. గుంట మగ్గం కోసం కట్టిన ఇల్లు అది. గుంటలో కాళ్లు పెట్టి నేలమీద కూర్చుని నేసేవాడి చేతులమీద వెలుగు పడాలని కిటికీలను అంత కిందికి పెట్టారు. మామయ్య పోయాక గుంటను మొరంతో పూడ్చారు. అయినా అత్త ఆ కిటికీ పక్కనే కూర్చునేది.

నిరుడు ఎండాకాలంలో ఆ గోడమీద నిలువునా పగులు కనిపించింది. ఇల్లు కూల్చి స్లాబు వేద్దామని ఆమె కొడుకు, మా బావ. ప్రాణమున్నంతకాలం ఇక్కడే ఉంటానని అత్త. చివరికి నేను గోడ చూసి ఏది చెబితే అదేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను జగిత్యాలలో ఫిజిక్స్ చెబుతాను. పరీక్షించనిదే దేన్నీ నమ్మనని చుట్టాల్లో పేరు.

“గీయన దేవుని ప్రసాదం గూడ వాసన సూసి తింటడు,” అన్నాడు బావ.

“గందుకే పిలిసిన. నువ్వైతే సూడకుండనే కూలగొడ్తవ్,” అంది అత్త.

పగులుకు అడ్డంగా గాజు స్లైడు అతికించాను. గోడ కదిలితే గాజు పగులుతుంది. రెండు నెలలకు పగిలింది. పక్క షెడ్డులోని పవర్‌లూముల అదురేమోనని అనుమానించి, మగ్గాలు ఆగి ఉన్న వారంలో మరొకటి అతికించాను. అదీ పగిలింది.

“గోడ కదుల్తున్నది అత్తమ్మా, ఇండ్ల ఉండద్దు,” అన్నాను.

“నువ్వు సూసినవ్ గద అల్లుడా. ఇగ సరే,” అంది. కూల్చడం చూడలేక కోరుట్లలో కూతురింటికి వెళ్లిపోయింది.

పెంకులు, దూలాలు దించిన మర్నాడు గోడకు గడ్డపార తగలగానే సిమెంటు పూత పెద్ద పెచ్చుగా ఊడిపడింది. కింద పాత మట్టిగోడమీద ఒక్క గీత లేదు. నునుపు కోసం బావ వేయించిన సిమెంటు మట్టికి అంటుకోక, ఎండకూ తడికీ విడిగా కదిలింది. కదలికను గాజు సరిగానే పట్టింది. కదిలేది ఏదో నేను చూడలేదు. గుప్పెడు పూత గీకితే తెలిసేది.

ఆపమన్నాను. కానీ దించిన పెంకులు, దూలాలు అప్పటికే అమ్మేశారు. కప్పు లేని మట్టిగోడ వానకు నిలవదు. దాన్ని కూల్చడానికి కూలీలకు రెండు రోజులు పట్టింది.

కొత్త ఇంట్లో కిటికీ ఛాతీ ఎత్తున ఉంది. అత్త ఇప్పటికీ నేలమీదే కూర్చుంటుంది. వెలుగు ఆమె తల మీదుగా ఎదుటి గోడకు పోతుంది. ఆమె ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాను.

“అంటే గోడ గట్టిగనే ఉండె,” అంది.

“ఉండె, అత్తమ్మా.”