దుప్పటి కప్పిన బొమ్మ

చిన్నప్పుడు తమ్ముళ్లను ఎత్తుకుని తిరగడంతోనే సరిపోయింది, బడికి పోలేదు. పెళ్లయ్యాక పసుపు చేలు, ఆ తర్వాత మంచం పట్టిన అత్త. ఆమె పోయాకే నా చేతులకు తీరిక దొరికింది. అప్పుడే నా కూతురు నాతో వంటింటి నేల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించింది. అందుకే ఇన్నాళ్లూ ఏమీ రాయలేకపోయాను.

ఆ పిల్లకే నిరుడు నంద్యాల కాలేజీలో నర్సింగ్ డిగ్రీ సీటు వచ్చింది. అంతకుముందు అక్కడ డిప్లొమా ఒక్కటే ఉండేది. డిగ్రీ కావాలంటే కర్నూలు పోయి హాస్టల్లో ఉండాలి. ఇప్పుడు మా ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో పోయి రావచ్చు. అయినా మా ఆయన ఒప్పుకోలేదు.

"ముక్కూ మొగం తెలియనోనికి నా కూతురు ఒళ్లు తుడవల్లనా?"

చేరడానికి మరునాడే ఆఖరు రోజు. నాకు కాలు నిలవలేదు. పొయ్యి మీద పప్పు మాడింది. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చాను. చివరికి చెప్పులేసుకుని ఒక్కదాన్నే నంద్యాల బస్సెక్కాను.

"ఎవురు కావల్లమ్మా?" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

"నా బిడ్డ చదవబొయ్యే కాలేజీ. సూసి పోతా."

"ఈడేమన్నా సినిమా ఆడుతాందా?" అని నవ్వి, లోపలికి వదిలాడు.

ఒక గది కిటికీలోంచి చూశాను. మంచం మీద మనిషంత బొమ్మ. ఇద్దరు అమ్మాయిలు దాని ఒళ్లు తుడుస్తున్నారు. నిండా దుప్పటి కప్పి, ఒక్క చెయ్యి మాత్రం బయటికి తీసి, తుడిచి, పొడిగుడ్డతో అద్ది, మళ్లీ కప్పారు. దుప్పటి కాస్త జారితే ఒకమ్మాయి "సారీ తాతా" అంది. నేను మా అత్త ఒళ్లు తుడిచేటప్పుడు దుప్పటి జారితే ఆమె మొహం గోడవైపు తిప్పుకునేది.

ఆఫీసులో అడిగాను, తల్లి సంతకం చాలునా అని. చాలన్నారు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. "మీయమ్మకు నేను చేసిన పనే. ఆడ దానికి డిగ్రీ ఇస్తాండారు."

"మాయమ్మా, యాడోళ్లో పరాయోళ్లూ ఒకటేనా?"

"నేనీ ఇంటికొచ్చిన పొద్దు మీయమ్మ నాకు యాడామె?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు.

"నాయన ఏమన్యాడుమా?" అంది కూతురు.

"బ్యాగు సర్దుకోపో."

మరునాడు పొద్దున్నే రెండు డబ్బాల్లో అన్నం కట్టి, పిల్లను తీసుకుని మొదటి బస్సెక్కాను. దారి పొడుగునా వేలితో మోకాలి మీద నా పేరు దిద్దుకుంటూనే ఉన్నాను. కాలేజీలో వాళ్లు చూపించిన చోట సంతకం చేశాను. చివరి అక్షరం గీత దాటింది.