మా తాత ముట్టుకోనివ్వని చెట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ అనుమానం నాకే. పాలలో నీళ్ళు కలిశాయని మొదట పట్టేది నేను. అమ్మ బెల్లం ఎక్కడ దాచిందో, చిన్నమ్మ ఎందుకు ఏడ్చిందో అన్నీ నాకే కావాలి. మా అవ్వ నన్ను పోలీసమ్మ అని పిలిచేది. ఎగతాళి అని తెలియక నేను పొంగిపోయేదాన్ని.

కోయంబత్తూరులో మిల్లు వెనక లైన్ ఇళ్ళలో ఉండేవాళ్ళం. నాన్న ఆ మిల్లులోనే నూలు వడికే చోట పనిచేసేవాడు. ఇల్లు కూడా మిల్లుదే, పని పోతే ఇల్లూ పోతుంది. ప్రతి క్రిస్మస్‌కూ మా తాత పొల్లాచ్చి దారిలో ఉన్న తోపు నుంచి ఒక సరుగుడు కొమ్మ కొనితెచ్చి, ఇసుక పోసిన డబ్బాలో నిలబెట్టేవాడు. మా వైపు దాన్ని సవుక్కు అంటారు. కాగితపు చెట్లు పెట్టుకునేవాళ్ళని చూసి ఆయన నవ్వేవాడు. వాసన లేనిది చెట్టెలా అవుతుందనేవాడు.

ఒక ఏడాది క్రిస్మస్‌కు మేనేజరు బంగళా ముందున్న సరుగుడు చెట్టు కొన ఎవరో కోసుకుపోయారు. అందుకని మరుసటి ఏడాది డిసెంబరు మొదట్లోనే వాచ్‌మేన్ లైనంతా తిరిగాడు. ఎవరింట్లో సవుక్కు కనబడినా ఆ ఇంటివాళ్ళ పని పోతుందని చెప్పి వెళ్ళాడు. కొన్నదని చెబితే ఎవరు నమ్ముతారు? ఆ సాయంత్రమే తాత, "ఈ తూరి చెట్టు నేనే చేస్తా" అన్నాడు.

నాకు అప్పుడే ఏదో తేడాగా అనిపించింది. కాగితపు చెట్లంటే నవ్వే మనిషి తనే చేస్తానంటాడా? పైగా పెరట్లో గోనెపట్టా అడ్డంగా కట్టుకుని, నేను తొంగిచూస్తే తరిమేసేవాడు. చేతుల నిండా గీరుకున్న గీతలు. ఏమిటని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

పండగ రెండు రోజులుందనగా పొద్దున లేచి చూస్తే ముందుగదిలో చెట్టు నిలబడి ఉంది. పచ్చగా, సన్నటి ఆకులు వేలాడుతూ, అచ్చం సరుగుడే. దగ్గరికి వెళ్ళబోతే తాత, "ముట్టుకోవద్దు పాపా, తడి ఆరలేదు" అని ఆపేశాడు. చేసిన చెట్టుకు తడేమిటి అనుకున్నాను. కాసేపటికే బయట గోల. బంగళా చెట్టు కొన మళ్ళీ పోయిందట!

నాకింకేం కావాలి? తాతను ఒక్క మాట అడగలేదు. తిన్నగా పక్కింటి అక్క దగ్గరికి పోయి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ చెప్పాను.

మధ్యాహ్నం కాకముందే వాచ్‌మేన్ మా గుమ్మంలో ఉన్నాడు. వెనకాల సూపర్‌వైజరు, ఆ వెనకాల లైనంతా. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న నాన్న లేచొచ్చి చెట్టునూ తాతనూ మార్చి మార్చి చూశాడు. అమ్మ అప్పటికే ఏడుస్తోంది.

"ఇది ఎక్కడ కోస్తివి తాతా?" అన్నాడు వాచ్‌మేన్.

తాత నన్ను పిలిచాడు. "పాపా, ఒక ఆకు తుంచి చూపించు వాళ్ళకి."

సరుగుడు ఆకు లాగితే కణుపు దగ్గర ఊడొస్తుంది. దాన్ని మళ్ళీ అతికించి, ఎక్కడ విరిచామో చెప్పమని పిల్లలం ఆడుకునేవాళ్ళం. ఒక ఆకు పట్టి లాగాను. ఊడలేదు, నారలా సాగింది. వేళ్ళకు పచ్చరంగు అంటుకుంది. గోనె నారను దువ్వి, రంగులో ముంచి, పాత గొడుగు కమ్మీలకు కట్టాడు తాత. ఆయన చేతుల మీది గీతలు ఆ కమ్మీలవి.

సూపర్‌వైజరు తనూ పట్టి చూసి నవ్వేశాడు. వాచ్‌మేన్‌కు మాత్రం తల కొట్టేసినట్టయింది. "మీ ఇంటి పాపే చెప్పిందంట కదా, తాత కోసుకొచ్చినాడని!" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నాన్న చెయ్యెత్తాడు.

"నేనే అట్లా చెప్పమంటిని సార్" అన్నాడు తాత, సూపర్‌వైజరుతో. "చూసేవాళ్ళకి అసలు మాదిరి ఉండాదా లేదా తెలియాల కదా."

నాన్న చెయ్యి దిగింది. లైనంతా నవ్వింది. నాకు మాత్రం భూమిలోకి దిగిపోవాలనిపించింది. మా తాతకు అబద్ధమాడటం చేతకాదని అవ్వ ఎప్పుడూ విసుక్కునేది. అంతమంది ముందు, నా కోసం ఆడాడు.

తరవాత కూడా నన్ను ఏమీ అనలేదు. కిరసనాయిలు గుడ్డ తెచ్చి వేళ్ళు తుడిచాడు. రంగు పోలేదు. పండగనాడు చర్చిలో చేతులు వెనక్కి దాచుకునే పాడాను. తాత పోయేదాకా ఆయనకు క్షమించమని చెప్పలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అనుమానం నన్నింకా వదల్లేదు, అబద్ధమెందుకు? కాకపోతే ఇప్పుడు ముందు ఆ మనిషినే అడుగుతాను. అడిగే వీలు లేకపోతే నోరు మూసుకుంటాను. ఆ బంగళా చెట్టు కొన కోసిందెవరో ఎవరికీ తెలియలేదు. నాకు ఒకరి మీద అనుమానం ఉంది. ఆ మనిషి ఇప్పుడు లేడు, పిల్లలు అక్కడే ఉన్నారు. ఈ అరవై ఏళ్ళలో ఆ పేరు నేను ఎవరి దగ్గరా అనలేదు.