సార్ హెడ్‌ఫోన్లో వినిపించేది

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డులు కిటికీలన్నిటినీ కప్పేసిన ఒక భవనంలో మా ఆఫీసు. కథలూ పాఠాలూ చదివించి, రికార్డు చేసి, ఫోన్లో వినే యాప్‌లకు ఇచ్చే చిన్న కంపెనీ. చదివిన గొంతును బాగుచేయడం నా పని. తడబాట్లు కోసేయాలి, ఊపిరి చప్పుళ్లు తగ్గించాలి, వినేవాళ్ల చెవికి ఇంపుగా ఉండేలా గొంతును సరిదిద్దాలి. నా గది ఒక మంచం పట్టేంత ఉంటుంది. గోడల నిండా నల్లటి స్పాంజి. కిటికీ లేదు. కథలు చదివేవాళ్లూ అందులోనే కూర్చుంటారు; రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ ఏసీ కూడా ఆపాల్సిందే, దాని గురక మైకులో పడుతుంది. తలుపు మూశామంటే కింద కరపత్రాలు పంచే కుర్రాళ్ల కేకలు టక్కున తెగిపోతాయి. చేరిన కొత్తలో ఆ నిశ్శబ్దం నాకు ఎంతో నచ్చింది. కొన్నాళ్లయ్యాక అందులో నా గుండె కొట్టుకోవడం నాకే వినపడి కంగారుగా ఉండేది.

నేను సరిచేసింది ఏదైనా చివరికి సార్ వినాలి. సార్ అంటే మా యజమాని. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, యాభై దాటి ఉంటాయి. ఆయనకొక పెద్ద హెడ్‌ఫోన్ ఉండేది. చాలా ఏళ్ల కిందట విదేశం నుంచి తెప్పించుకున్నారట. కుర్చీ పక్కన కొక్కేనికి వేలాడుతూ ఉండేది, దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. అందులో బాగుంటేనే బాగున్నట్టు.

"ఏంటమ్మా ఇది? గొంతు పీలగా ఉంది. 'స' అన్నప్పుడల్లా చెవిలో సూది దిగుతోంది. కాస్త బరువు పెంచండి."

ఆఫీసు నాకిచ్చిన మామూలు హెడ్‌ఫోన్లో అదేమీ పీలగా లేదు. అయినా పెంచి పంపేదాన్ని. చాలదనేవారు. ఇంకా పెంచేదాన్ని. ఈసారి ఎక్కువైందనేవారు. కళ్లకు గంతలు కట్టి ముగ్గు వేయమన్నట్టుండేది నా పరిస్థితి. చేసిన పనినే మళ్లీ మళ్లీ చేస్తూ ఆ గదిలోనే పొద్దు గడిచిపోయేది.

మానేసి ఇంకోచోట చేరొచ్చు కదా అని అందరూ అనేవారు. ప్రయత్నించాను. శ్రీనగర్ కాలనీలో రెండు స్టూడియోలకు వెళ్లాను. ఒకచోట అన్నీ రాత్రి షిఫ్టులే అన్నారు. రెండోచోట, ఆ చిన్న గదిలో మగవాళ్ల మధ్య ఆడపిల్లను కూర్చోబెట్టడం మాకే ఇబ్బంది అని నవ్వుతూ చెప్పారు. పంజాగుట్టలో మా ఇంట్లో నేనూ అమ్మా ఉంటాం. అప్పుడే అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చే జీతం నాదొక్కటే. అందుకని రోజూ పొద్దున్నే ఫ్లైఓవర్ కింది నుంచి నడుచుకుంటూ అమీర్‌పేట వచ్చి, మెట్లెక్కి, ఆ తలుపు మూసుకునేదాన్ని.

మా దగ్గర కథలు చదివేవాళ్లలో పెద్దగొంతు ఒకాయనది. సిటీ బస్సులో కండక్టరుగా చేసి మానేసిన మనిషి. ఆయన్ను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవారు. ఆయన చదివిన కథ ఒకటి ముచ్చటగా మూడోసారి తిరిగొచ్చిన రోజున నాకు ఓపిక పోయింది. సార్ గదిలోకి వెళ్లి అడిగేశాను.

"సార్, మీరు వినేది నేనూ ఒక్కసారి వినొచ్చా?"

ఆయన నన్నూ హెడ్‌ఫోన్‌నూ మార్చి మార్చి చూసి, కొక్కెం నుంచి తీసి ఇచ్చారు. దాని వైరు పొట్టిది. బల్లకు ఆనుకుని, రాటకు కట్టేసిన దూడలా మెడ వంచి నిలబడి విన్నాను. సార్ డబ్బా విప్పి పెరుగన్నం తింటున్నారు. చెవుల్లో పడింది నేను చేసిన పనేనా అనిపించింది. అన్న గొంతులోని గాంభీర్యమంతా ఎవరో పిండేసినట్టుంది. సకారాలు నిజంగానే సూదుల్లా ఉన్నాయి. సార్ అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు అలాగే వినపడుతోంది.

ఆయనకు వినపడేది నాకూ వినపడితే తప్ప నాకు ఈ చెర వదలదని ఆ రోజే తేల్చుకున్నాను.

అందుకు దారి ఉంది. కంప్యూటర్లో ఈక్వలైజర్ అని ఉంటుంది. శబ్దాన్ని కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా భాగాలు చేసి, ఏ భాగానికి ఆ భాగం పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ పనికొస్తుంది. దాంతో ఒక హెడ్‌ఫోన్‌ను ఇంకో హెడ్‌ఫోన్‌లా పలికించవచ్చు. ఏ మోడల్ ఎక్కడ ఎంత పలుకుతుందో కొలిచి గీసిన గీతలు నెట్‌లో దొరుకుతాయి. సార్ దాని గీతా నాదాని గీతా దగ్గరపెట్టి, రెంటికీ ఉన్న తేడాను ఈక్వలైజర్లో దింపాను. ఆశగా చెవులకు పెట్టుకున్నాను. చక్కగా, నిండుగా వినపడింది. సార్ గదిలో నేను విన్నదానికీ దీనికీ పోలికే లేదు.

గీతల్ని పక్కనపెట్టి చెవినే నమ్ముకుందామనుకున్నాను. సార్ గదిలో విని, నా గదికి వచ్చి, గుర్తున్నంతలో సరిచేయబోయేదాన్ని. కుర్చీలో కూర్చునేలోపే విన్నది దోసిట్లో నీళ్లలా కారిపోయేది. నా అవస్థ చూసి అన్న నవ్వారు.

"ఎందుకట్ల ఉరుకుతున్నవ్ చెల్లె? నీ లాప్‌టాప్ గాడికే తీస్కపో. రెండు పక్కపక్కన పెట్టుకొని విను. చీర ఇంట్ల పెట్టి, దుకాణంల జాకెట్ గుడ్డ మ్యాచ్ చేస్తరా ఎవరన్న?"

సార్‌ను అడిగితే ఆయనకూ సరదా వేసింది. "మంచిదే కదమ్మా. నా చెవి మీకొస్తే నాకు తలనొప్పి తగ్గుతుంది" అన్నారు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆయన భోజనం చేస్తుంటే నేను ఆ బల్ల దగ్గర నిలబడేదాన్ని. ముందు రెండింటి బిగ్గరతనం సమానం చేసుకోవాలి, లేదంటే గట్టిగా పలికేదే మంచిదనిపించి చెవి మోసపోతుంది. తర్వాత కింది నుంచి పైకి సాగే ఒక సన్నటి కూత వినాలి. సార్ దాంట్లో అడుగు స్వరాలు దాదాపు లేనే లేవు. పైన ఒకచోట కూత ఉన్నట్టుండి కీచుమంటుంది. నాదాంట్లో అడుగు తోడేస్తూ, పైన కీచు పెంచుతూ పోయాను. ఆ గదిలోంచి వచ్చినప్పుడల్లా నా చెంపల మీద నల్లటి పొట్టు అంటుకుని ఉండేది. హెడ్‌ఫోన్ చెవిమెత్తలు పాతబడి రాలుతున్నాయి. తుడుచుకుని వచ్చేదాన్ని, అంతకు మించి ఆలోచించలేదు.

ఒక మధ్యాహ్నం కళ్లు మూసుకుని రెండూ మార్చి మార్చి పెట్టుకున్నాను. చెవుల మీద పడే బరువును బట్టి తప్ప, ఏది ఏదో చెప్పలేకపోయాను. బల్ల దగ్గరే నిలబడి గట్టిగా నవ్వేశాను. సార్ ముద్ద ఎత్తినవారు ఎత్తినట్టే నావైపు చూశారు.

ఆ సెట్టింగ్ పెట్టుకుని సరిచేసిన మొదటి కథ ఒక్కసారికే పాసైంది. రెండోదీ అంతే. నేను సంబరపడినంతసేపు పట్టలేదు, గొంతులు సరిచేసే మిగతావాళ్ల పని కూడా నా గదికి రావడానికి. "మేడమ్ వింటే నేను విన్నట్టే" అని సార్ అందరితో చెప్పేశారు. కొద్దిగా విని సరే అనేసేవారు. పొద్దున మూసిన తలుపు సాయంత్రం దాకా తెరిచే పని ఉండేది కాదు. చెమటకు చెవులు నానిపోయేవి. బయటపడడానికి వేసుకున్న దారి నన్ను ఇంకా లోపలికి తోసింది.

ఆదివారాలు మా సంఘంలో ఆరాధనప్పుడు మైకులు చూసుకునేది కూడా నేనే. ఒక వారం పాస్టరు గారు వాక్యం చెబుతుంటే, చేతికి అలవాటైపోయి, గొంతుకు బరువు పెంచి పై స్వరాలు తగ్గించాను. ఆరాధన అయ్యాక ముందు వరసలో కూర్చునే ఒక పెద్దావిడ వచ్చి నా చేయి పట్టుకుంది.

"ఏమ్మా, ఈరోజు వాక్యం ఒక్క ముక్క తెలియలేదు. పాస్టరు గారు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది."

స్పీకర్లు పాడయ్యాయేమో చూపిస్తానని చెప్పాను. అదే వారంలో అన్న వచ్చారు. ముఖం ముడుచుకుని ఉంది.

"మొన్న ఇంట్ల అందరం కూసోని నా కథ విన్నం చెల్లె. మీ వదినె గీ గొంతు ఎవరిదని అడిగింది. కుండల తల పెట్టి చదివినట్టున్నది. గా గొంతు నాదేనా?"

"సార్‌కు అలాగే నచ్చుతోంది అన్నా."

"సార్‌కు నచ్చితే సార్ ఒక్కడు వింటడు. జనం ఏం వినాలె?"

నా ఫోన్లో పెట్టి విన్నాను. ఆయన అన్నది నిజం. ఇద్దరం సార్ దగ్గరికి వెళ్లాం. సార్ తన హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఊపారు. "బ్రహ్మాండంగా ఉంది. చదవడం మీ పని, చదవండి. వినడం మాకు వదిలేయండి" అన్నారు అన్నతో. అన్న చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి రాలేదు.

నేను రావడం మానలేను. జనానికి వినపడేలా చేస్తే సార్ తిప్పి పంపుతారు. సార్‌కు నచ్చేలా చేస్తే జనానికి మాట తెలియదు. తెలిసి తెలిసి ఒక్కో కథనూ కుండలో పెట్టి మూత వేస్తున్నట్టుండేది. ఇంటికెళ్తే అమ్మ "ఎందుకే అంత నీరసం?" అనేది.

ఒకరోజు సార్ గదిలోంచి పెద్ద కేక. పరుగున వెళ్లాను.

"ఏంటమ్మా ఇది? ఒక్క మాట తెలియడం లేదు, అంతా బుడబుడమంటోంది. ఎవరు పాడుచేశారు?"

అది ఆయనే పాస్ చేసిన కథ. ఆయన చేతిలో హెడ్‌ఫోన్ వంక చూశాను. చెవిమెత్తలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. పాతవి చిరిగిపోతే కొత్తవి తెప్పించి ఆ పొద్దునే వేయించుకున్నారట. పాతవి చెత్తబుట్టలో ఉన్నాయి. తీసి చూశాను. అప్పడాల్లా అణిగిపోయి, పగిలి ఉన్నాయి. అప్పుడు నాకు అర్థమైంది. మెత్త చెవిచుట్టూ ఆనకపోతే అడుగు స్వరాలన్నీ సందులోంచి బయటికి పోతాయి, పై స్వరాలు మాత్రమే నేరుగా చెవిలో పడతాయి. నెట్‌లో గీతలు కొత్త హెడ్‌ఫోన్‌వి. నేను ఇన్ని నెలలు కష్టపడి దించుకున్నది ఒక అరిగిపోయినదాన్ని.

చెబితే సార్ నమ్మలేదు. "మెత్తలు మారిస్తే గొంతు మారుతుందా? ఏం మాటలమ్మా!" అన్నారు. ఆయన కళ్లముందే కొత్తవి ఊడదీసి పాతవి తగిలించి ఇచ్చాను. విన్నారు. మళ్లీ కొత్తవి వేసి ఇచ్చాను. విన్నారు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే ఇన్నాళ్లూ..." అని ఆగిపోయారు. తర్వాత గొంతు సవరించుకుని, "అన్నీ మళ్లీ చేయాలి. మొదలుపెట్టండి" అన్నారు.

నా గదికి వచ్చి ఈక్వలైజర్ ఆపేశాను. ఒక్క నొక్కుకు పోయింది. కానీ నా హెడ్‌ఫోన్ నాకే కొత్తగా వినపడింది. ఇది నిండుగా ఉందా, మొద్దుగా ఉందా? తేల్చుకోలేకపోయాను. కొన్ని వారాలపాటు ఏ గొంతు విన్నా ఇదే అనుమానం. చివరికి ఫోన్లోనూ, అమ్మ వినే చిన్న స్పీకరులోనూ పెట్టి, మాట తెలుస్తోందా అని అమ్మను అడిగి పని సాగించాను.

సరిచేయకముందటి అసలు రికార్డింగులు ఉన్నవాటిని అలా మళ్లీ చేశాను. అన్న చదివిన ఒక పెద్ద కథకు మాత్రం అసలు రికార్డింగు మిగల్లేదు. కంప్యూటర్లో చోటు చాలడం లేదని సార్ తీయించేశారు. అన్నే వచ్చి మళ్లీ చదవాలి. "మీ మాటైతే వింటారు, మీరే వెళ్లి అడగండి" అన్నారు సార్.

యూసుఫ్‌గూడలో అన్న ఉండే రెండు గదుల వాటాకు వెళ్లాను. వదిన టీ ఇచ్చింది. అన్న నా ముఖం చూడకుండా అడిగారు.

"సార్ పంపిండా, నువ్వొచ్చినవా?"

"సార్ పంపారు. పంపకపోయినా వచ్చేదాన్ని."

మెత్తల సంగతంతా చెప్పాను. ఆయన వింటూ వింటూ గ్లాసు కింద పెట్టారు.

"రెండు రెగ్జిన్ ముక్కలా? గవ్వి నన్ను ఇంట్ల కూసోబెట్టినయా?"

వదినే అందుకుంది. "పోయి చదువు పో. ఇంట్ల గోడలకు చదివి వినిపిస్తుండు చెల్లె. మాకు చెవులు పోతున్నయ్."

"వస్త" అన్నారు అన్న. "కానీ ఒక ముచ్చట. ప్రతి భాగం ముందుగాల మీ వదినె వినాలె. ఆమె సరే అంటెనే సార్ దగ్గరికి పోవాలె."

సార్‌కు చెప్పాను. ముఖం చిట్లించుకున్నారు గానీ కాదనలేదు.

ఇప్పుడు ఆ పనే నడుస్తోంది. పూర్తయిన ప్రతి భాగాన్నీ వదిన ఫోన్‌కు పంపుతాను. ఆమె వంట చేస్తూ వింటుంది. "గిక్కడ మాట మింగిండు" అని చెబుతుంది, నేను మళ్లీ చూస్తాను. ఇంకో రెండుచోట్ల ఉద్యోగానికి అడిగి ఉంచాను, జవాబు రాలేదు. సార్ మాత్రం మేడమ్ చెవి లేకపోతే ఆఫీసే లేదని వచ్చినవాళ్లందరితో చెబుతున్నారు. ఆ మాట వినపడినప్పుడల్లా ఫోన్ తీసి, ఆ జవాబు వచ్చిందేమో చూసుకుంటాను.

నిన్న ఎండ మండిపోతోంది. ఏసీ ఆపి ఉంది. కథలో తండ్రి చనిపోయే చోటు చదువుతూ అన్న మధ్యలో చేయెత్తారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"జర తలుపు తియ్యి చెల్లె. ఊపిరాడ్తలేదు."

తీశాను. ఇద్దరం వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాం. కింద నుంచి కోచింగ్ సెంటర్ల రొద, ఆటోల హారన్లు, ఎవరో ఎవర్నో పిలుస్తున్న కేక. అన్న సీసాలో నీళ్లు సగం తాగి సగం నాకిచ్చారు. ముఖం తుడుచుకుని, "పద, మొత్తం చదివేస్త" అన్నారు. లోపలికి వెళ్లి తలుపు మూశాను.