నేలపువ్వు కాపలా

గడ్డిమైదానం గేటు దగ్గర కావలివాడు మనిషి మొహం కన్నా ముందు చెప్పుల అడుగు చూస్తాడు. ఏ ఊరి కలుపు విత్తనం అతుక్కొచ్చిందోనని, పుల్లతో గీకించిగానీ లోపలికి వదలడు. పిల్లనిచ్చిన మామనే ఎండలో నిలబెట్టి గీకించాడు. "మీ ఆయనకి తన నీడ మీద కూడా అనుమానమేనే తల్లీ!" అని ఆ పెద్దాయన కూతురి దగ్గర మొత్తుకున్నాడు.

ఈసారి అనుమానమంతా ఒక్క మొక్క చుట్టూ తిరుగుతోంది. మైదానం తగలబడ్డాక ఆ ఊదారంగు నేలపువ్వు జాతిలో కనిపించింది అదొక్కటే. మరో మొక్క పుప్పొడి అందితేనే అది కాయ కడుతుంది. దుంప కోసం ఎవరు తవ్వుకుపోతారోనని, పూసిన నాటినుంచీ గొడుగు వేసుకుని పక్కనే కూర్చుంటున్నాడు. అన్నం తెచ్చిన భార్య పువ్వు మీదికి కాస్త వంగగానే "చెయ్యి దూరం పెట్టు" అన్నాడు.

"తవ్వుకుపోయి ఏం చేసుకుంటానయ్యా, కూర వండుతానా? అయినా తోడు లేనిదానికి నువ్వెంత కాపలా కాస్తే మాత్రం కాయ కాస్తుందా?"

అంతలో ఒక తేనెటీగ వచ్చి పువ్వు మీద వాలింది. అతను కళ్ళు చికిలించి చూశాడు. ఆ జాతి పువ్వులో తప్ప దొరకని పసుపు పుప్పొడి ముద్దలు దాని నుదుటికి అప్పటికే అంటుకుని ఉన్నాయి.

"ఇది ఇంకో పువ్వు దగ్గర్నుంచి వస్తోందే!"

అన్నం ముట్టకుండానే లేచి, గొడుగు ఆమె చేతిలో పెట్టి, "నేనొచ్చేదాకా చూస్తూ ఉండు" అంటూ తేనెటీగ వచ్చిన దిక్కుకి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

ఆమె అక్కడే కూలబడింది. దారినపోయే మనిషెవరో అటు తల తిప్పేసరికి, "ఏంటి చూస్తున్నావ్?" అని గద్దించింది.